న్యూయార్క్‌లో థాంక్స్‌గివింగ్: బెలూన్ల నుంచి క్రాన్‌బెర్రీ పులిహోర దాకా, పేట పేటా తిరుగుతూ పండగ చేసుకునే పద్ధతి

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళలో చాలామందికి థాంక్స్‌గివింగ్ అంటే నాలుగు రోజుల లాంగ్ వీకెండ్, బ్లాక్ ఫ్రైడే డీల్స్, అంతే. న్యూయార్క్, జెర్సీ సైడ్ ఉన్నవాళ్ళకైతే ఇంకోటి కూడా ఉంటుంది, టీవీలో వచ్చే మేసీస్ పరేడ్, అంటే మేసీస్ అనే పెద్ద షాపువాళ్ళు భారీ బెలూన్లతో చేసే ఊరేగింపు. ఇంక చూడండి, పండగ రోజు గురువారం తెల్లారగట్ల పిల్లల్ని లేపి, స్వెటర్లు తొడిగి, ట్రైనెక్కి హెరాల్డ్ స్క్వేర్ దగ్గర దిగి, అక్కడ జనం వెనకాల నిలబడి బెలూన్ తోక మాత్రం చూసి, ఆకలేసి, కూర్చుని తిందామంటే చోటు దొరక్క ఇంటికొచ్చి మ్యాగీ చేసుకుని పడుకోవడం. దీనికోసం అంత కష్టపడక్కర్లేదండీ.

నా మాట వింటే ఈ పండగని పరేడ్ చుట్టూ కాకుండా పేటల చుట్టూ ప్లాన్ చేసుకోండి. ఎందుకంటే ఈ పండగకి అందరూ వండేది టర్కీ అనే పెద్ద పక్షినే, న్యూయార్క్‌లో ఆ టర్కీ ఒక్కటే గానీ ఒక్కో ఏరియాలో దాని రుచి ఒక్కోటి. బ్రాంక్స్‌లో ప్యూర్టో రికో వాళ్ళు వెల్లుల్లి, ఒరెగానో దట్టించి పంది మాంసం వండినట్టే టర్కీ వండుతారు, దానికి పావోచోన్ అని పేరు. హార్లెమ్‌లో మ్యాక్ అండ్ చీజ్, కాలర్డ్ ఆకుకూర, స్వీట్ పొటాటో పై లేకపోతే పండగే కాదు. ఇటాలియన్ల ఇళ్ళల్లో టర్కీ కంటే ముందు లసాన్యా వస్తుంది. ఫ్లాట్‌బుష్ కరేబియన్ వాళ్ళు జెర్క్ మసాలా పూస్తారు. అందరూ తమ వంటని దీంట్లో కలిపేసుకున్నప్పుడు మనం మాత్రం ఉప్పూకారం లేని టర్కీ తినాలని ఎక్కడుంది? అల్లం వెల్లుల్లి పట్టించండి, క్రాన్‌బెర్రీతో పులిహోర కలపండి.

కథ కొంచెం, పిల్లలు అడుగుతారు కాబట్టి

స్కూల్లో చెప్పేది 1621 ప్లిమత్ విందు, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళూ వాంపనోగ్ తెగవాళ్ళూ కలిసి తిన్నది. ఆ తర్వాత ఆ తెగలకి ఏం జరిగిందో కూడా పిల్లలకి చెప్పడం మంచిది, 1970 నుంచీ అదే ప్లిమత్‌లో ఆదివాసీలు ఈ రోజుని సంతాప దినంగా పాటిస్తున్నారు. దేశమంతా ఒకే రోజు చెయ్యడం 1863లో లింకన్ ప్రకటనతో మొదలైంది, నవంబర్ నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941లో.

న్యూయార్క్‌కి మాత్రం సొంత కథ ఒకటుంది, ఇది ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి కూడా చాలామందికి తెలీదు. 1930ల దాకా థాంక్స్‌గివింగ్ పొద్దున పిల్లలు చినిగిన బట్టలు, పెద్దవాళ్ళ పాత కోట్లు వేసుకుని, మొహానికి మసి పూసుకుని ఇంటింటికీ తిరిగి "థాంక్స్‌గివింగ్‌కి ఏమైనా ఇస్తారా" అని అడిగేవాళ్ళు, జనం చిల్లర, ఆపిల్స్, చాక్లెట్లు ఇచ్చేవాళ్ళు. రాగమఫిన్ డే అనేవాళ్ళు దాన్ని. దసరాకి అయ్యవార్లు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు పుచ్చుకున్నట్టే అన్నమాట. తర్వాత్తర్వాత ఆ వేషాలన్నీ హాలోవీన్‌కి వెళ్ళిపోయాయి, బ్రూక్లిన్ బే రిడ్జ్‌లో మాత్రం ఆ పేరుతో పిల్లల పరేడ్ ఇంకా చేస్తున్నారు, కాకపోతే థాంక్స్‌గివింగ్‌కి కాదు, అంతకంటే ముందే అయిపోతుంది.

స్టెప్ 1: రెండు మూడు వారాల ముందు – ఎవరు, ఎక్కడ, ఎంతమంది

మొదట తేల్చుకోవాల్సింది మెనూ కాదు, జనం. మన అపార్ట్‌మెంట్లలో డైనింగ్ టేబులే నలుగురికి, కాబట్టి పన్నెండు మందిని పిలిస్తే పది మంది సోఫాలోనూ కార్పెట్ మీదా కూర్చుంటారు, అదేం తప్పు కాదు, ముందే తెలిస్తే డిస్పోజబుల్ ప్లేట్లు కొంచెం గట్టివి కొంటారు.

పిలవాల్సినవాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళతో పాటు ఆ ఫ్లోర్‌లో ఉండే ఒక్క పక్కింటివాళ్ళనైనా పిలవండి. మూడేళ్ళు ఎదురెదురు తలుపుల్లో ఉండి కూడా లిఫ్ట్‌లో హాయ్ తప్ప మాట్లాడని వాళ్ళని ఇంటికి పిలవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. అలాగే ఈ ఊళ్ళో ఎవరూ లేని స్టూడెంట్స్, కొత్తగా జాబ్‌లో చేరిన బ్యాచిలర్స్, వీళ్ళకి ఆ నాలుగు రోజులు చాలా బోరుగా ఉంటాయి, రూమ్మేట్స్ అందరూ ఎటో వెళ్ళిపోతారు. ఒక ఫోన్ కొట్టండి, పరుగెత్తుకుంటూ వస్తారు, గిన్నెలు కూడా కడిగి వెళ్తారు.

పాట్‌లక్ అయితే వాట్సాప్ గ్రూప్‌లో "మీకు నచ్చింది తీసుకురండి" అని అస్సలు పెట్టొద్దు, ఐదు ఇళ్ళ నుంచి ఐదు ట్రేల వెజ్ బిర్యానీ వస్తుంది. స్టార్టర్, రైస్, కూర, స్వీట్, డ్రింక్స్ అని పేర్లు పక్కన రాసి పంచేయండి. వేరే దేశాలవాళ్ళు వస్తుంటే పల్లీలు, జీడిపప్పు, బాదం ఎందులో ఉన్నాయో చిన్న చీటీ రాసి గిన్నె ముందు పెట్టాలి, నట్ అలర్జీని ఇక్కడ ఎంత సీరియస్‌గా తీసుకుంటారో మీకు తెలుసు కదా, మన వంటల్లో పల్లీలు పులిహోర నుంచి చట్నీ దాకా అన్నిట్లోనూ దూరతాయి.

టర్కీ ఆర్డర్ కూడా ఇప్పుడే. మనిషికి ఒక పౌండ్ లెక్క వేసుకోండి, ఎముకతో కలిపి. సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ ఎప్పుడైనా దొరుకుతుంది, ఫ్రెష్ కావాలంటే యూనియన్ స్క్వేర్ గ్రీన్‌మార్కెట్‌లో ఫారం వాళ్ళు ముందుగా ఆర్డర్ తీసుకుంటారు, రేటు మాత్రం బాగా ఎక్కువ. హలాల్ కావాలంటే క్వీన్స్, బ్రూక్లిన్‌లో హలాల్ మాంసం షాపులు, లైవ్ పౌల్ట్రీ షాపులు ఉన్నాయి, అక్కడ అడిగితే వెన్నెముక తీసేసి పక్షిని బల్లపరుపుగా పరిచి ఇస్తారు. ఇది తప్పకుండా చేయించుకోండి, అలా పరిస్తే 12 పౌండ్ల టర్కీ మూడు గంటల బదులు గంటన్నరలో అయిపోతుంది, ఒక్క ఒవెన్‌లో అన్నీ వండాల్సిన మనలాంటివాళ్ళకి అదే పెద్ద సుఖం.

ఆరేడుగురే అయితే అసలు మొత్తం పక్షి జోలికి వెళ్ళొద్దు. ఎముక ఉన్న బ్రెస్ట్ ఒకటి, రెండు లెగ్ పీసులు చాలు.

స్టెప్ 2: ముందు శని ఆదివారాలు – సరుకుల కోసం పేటలు తిరగడం

నాకైతే పండగలో ఇదే ఇష్టమైన భాగం. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ తోసుకుని ఒక్క గంటలో ముగించే పని కాదిది.

క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌తో మొదలెట్టండి. జెర్సీ సిటీ నుంచి అయితే పాత్ ట్రైన్‌లో 33వ స్ట్రీట్ దిగి అక్కడే ఎఫ్ ట్రైన్ పట్టుకుంటే రూజ్‌వెల్ట్ అవెన్యూ స్టేషన్‌కి తిన్నగా వెళ్తుంది. బయటికి రాగానే పైన 7 ట్రైన్ ధడధడమంటూ పోతుంటుంది, కింద 74వ స్ట్రీట్‌లో కరివేపాకు, పచ్చిమిర్చి, ఇంగువ, సోనా మసూరి, మనక్కావాల్సినవన్నీ. పని అయిపోయాక వెంటనే వెనక్కి తిరక్కండి, డైవర్సిటీ ప్లాజా చుట్టుపక్కల టిబెటన్, నేపాలీ మోమోలు తినండి, రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద తూర్పుగా నడిస్తే కొలంబియా బేకరీలు వస్తాయి, వేడి వేడి పాన్‌దెబోనో అని చీజ్ బన్ అమ్ముతారు, పిల్లలు ఒకటితో ఆగరు. రెండు డజన్లు కట్టించుకుని ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే గురువారం డిన్నర్ రోల్స్ పని తప్పుతుంది.

ఓపిక ఉంటే 7 ట్రైన్‌లో ఫ్లషింగ్ దాకా వెళ్ళండి. అక్కడ బౌన్ స్ట్రీట్‌లో గణేశ్ టెంపుల్ ఉంది కదా, 1977లో కట్టింది, దేవుడికి దండం పెట్టుకుని కిందకి దిగితే క్యాంటీన్‌లో దోసె, సాంబార్. శాకాహారులకి పండగ వారంలో అది పెద్ద అండ. అదే ఫ్లషింగ్‌లో మెయిన్ స్ట్రీట్ మీద అద్దాల వెనక బాతులు వేలాడేసిన చైనీస్ రోస్ట్ షాపులుంటాయి, టర్కీ వండే ఓపిక లేనివాళ్ళు అక్కడ రోస్ట్ డక్ ముందే చెప్పి పెట్టుకోవచ్చు, కొన్ని షాపులవాళ్ళు టర్కీ కూడా అదే పద్ధతిలో కాల్చి ఇస్తారు. టర్కీ కంటే బాతు రుచి ఎక్కువ, ఇది నా అభిప్రాయం, గొడవ వద్దు.

బ్రాంక్స్ ఆర్థర్ అవెన్యూ కూడా ఒక్కసారి చూడాలి. 1940లో మేయర్ లా గార్డియా తోపుడుబళ్ళవాళ్ళని రోడ్డు మీంచి తీసి కప్పు కింద పెట్టించిన మార్కెట్ ఇంకా నడుస్తోంది. చీజ్, ఆలివ్స్, బ్రెడ్, స్వీట్లు. కత్తి మీద చీజ్ ముక్క పెట్టి రుచి చూడమంటారు, ముక్క తిన్నాక కొనకుండా రావడం చాలా కష్టం.

జెర్సీవాళ్ళు ఇంత దూరం ఎందుకనుకుంటే జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూఆర్క్ అవెన్యూ, ఎడిసన్ వైపు ఓక్ ట్రీ రోడ్ ఉండనే ఉన్నాయి. కాకపోతే అక్కడికి ఏడాదంతా వెళ్తూనే ఉంటాం కదా.

క్రాన్‌బెర్రీలు మాత్రం ఎక్కడ కనబడితే అక్కడ కొనెయ్యండి, 12 ఔన్సుల ప్యాకెట్లు. ఈ సీజన్ పోతే ఫ్రెష్ దొరకవు. నాలుగు ప్యాకెట్లు ఎక్కువ తీసుకుని అలాగే ఫ్రీజర్‌లో పడేస్తే ఉగాది దాకా పప్పులోకి, పచ్చడిలోకి వాడుకోవచ్చు, కడిగి ఆరబెట్టే పని కూడా లేదు, వాడేటప్పుడు కడిగితే చాలు.

స్టెప్ 3: సోమవారం – టర్కీని ఫ్రిజ్‌లోకి దించడం

ఫ్రోజెన్ టర్కీ అయితే ప్రతి 4-5 పౌండ్లకి ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లో కరగాలి. అంటే 12 పౌండ్లకి మూడు రోజులు, మసాలా పట్టించడానికి ఇంకో రాత్రి కావాలి కాబట్టి నిజానికి ఆదివారం పొద్దున్నే దించితే ఇంకా నయం. కింద ట్రే పెట్టండి, నీళ్ళు కారతాయి. కౌంటర్ మీద పెట్టి కరిగించడం మాత్రం వద్దు, పైన మెత్తబడేసరికి లోపల రాయిలా ఉంటుంది, ఆలోగా పైభాగం పాడైపోతుంది. మర్చిపోయి బుధవారం గుర్తొస్తే కవర్ తియ్యకుండా చల్లటి నీళ్ళల్లో ముంచి అరగంటకోసారి నీళ్ళు మార్చండి, పౌండ్‌కి అరగంట, అంటే 12 పౌండ్లకి ఆరు గంటలు సింక్ మీద ఆశ వదులుకోవాలి.

ఇంకోటి, మనకి చికెన్ నాలుగు నీళ్ళల్లో పసుపేసి కడిగే అలవాటు. టర్కీని కడగొద్దనే ఇక్కడి ఫుడ్ సేఫ్టీవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకుని చెప్తారు, సింక్ చుట్టూ ఉన్న సలాడ్ మీదా గిన్నెల మీదా ఆ నీళ్ళు చిందుతాయని. పేపర్ టవల్‌తో గట్టిగా అద్ది తుడిస్తే సరిపోతుంది, తడి లేకపోతే చర్మం కూడా బాగా కరకరలాడుతుంది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించకండి.

స్టెప్ 4: బుధవారం – మధ్యాహ్నం బెలూన్లు, రాత్రి మసాలా

పరేడ్ చూడటం కంటే బెలూన్లకి గాలి కొట్టడం చూడటం నయం అని చాలామంది న్యూయార్కర్లే అంటారు, నాదీ అదే మాట. మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ చుట్టూ, 77వ స్ట్రీట్‌లోనూ 81వ స్ట్రీట్‌లోనూ బెలూన్లని రోడ్డు మీద పడుకోబెట్టి, పైన వలలు వేసి, ఇసుక బస్తాలు కట్టి హీలియం నింపుతారు. మధ్యాహ్నం మొదలెట్టి సాయంత్రం 6 దాకా జనాన్ని రానిస్తారు, ఈమధ్య ఏళ్ళల్లో లైన్ 72వ స్ట్రీట్, కొలంబస్ అవెన్యూ దగ్గర మొదలవుతోంది, టికెట్ ఏమీ లేదు. ఆఫీసులు అయ్యాక వెళ్తే కదలరు, పిల్లలకి ఆరోజు స్కూల్ ఉంటే ముందే పికప్ చేసుకుని 3 లోపు చేరండి. నాలుగు అంతస్తుల బొమ్మ, ముక్కు మాత్రమే ఉబ్బి, మిగతా ఒళ్ళంతా ముడతలు పడి వల కింద బోర్లా పడుకుని ఉంటే, పిల్లలు దాని మొహం ఎటుందో వెతుక్కుంటూ ఉంటారు, టీవీలో ఇది కనపడదు. చీకటి నాలుగున్నరకే పడిపోతుంది, చలి కూడా అప్పుడే పెరుగుతుంది, చేతికి గ్లవ్స్ ఉంచుకోండి.

బుధవారం సాయంత్రం పెన్ స్టేషన్ వైపు, లింకన్ టన్నెల్ వైపు వెళ్ళకుండా ఉంటే మీకే మంచిది. తప్పదంటే రాత్రి 8 దాటాక కదలండి.

ఇంటికొచ్చాక టర్కీ పని. 5-6 పౌండ్ల బ్రెస్ట్‌కి నా లెక్క: ఒకటిన్నర కప్పు గట్టి పెరుగు, మూడు స్పూన్ల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు స్పూన్ల కారం, స్పూన్ ధనియాల పొడి, అర స్పూన్ చొప్పున పసుపు, గరం మసాలా, మిరియాల పొడి, ఉప్పు, ఒక నిమ్మకాయ. స్పూన్ అంటే టేబుల్ స్పూన్. చర్మం కిందకి వేళ్ళు మెల్లిగా పోనిచ్చి సంచీలా విడదీసి, ముప్పావు వంతు మసాలా అక్కడే కూరాలి, పైన రాసింది ఒవెన్‌లో మాడుతుంది, లోపల పెట్టింది మాంసానికి పడుతుంది. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో.

స్టెప్ 5: గురువారం పొద్దున – మూడు దారులు, ఒక్కటే ఎంచుకోండి

పరేడ్‌కి వెళ్ళి తీరాలి అంటే: 1924లో మొదలైన పరేడ్ ఇది, రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 44 దాకా రబ్బరూ హీలియం మిలిటరీకి కావాలని ఆపేశారు. 77వ స్ట్రీట్ దగ్గర బయల్దేరి సెంట్రల్ పార్క్ వెస్ట్ మీదుగా కొలంబస్ సర్కిల్, అక్కడ తిరిగి సిక్స్త్ అవెన్యూ మీదుగా 34వ స్ట్రీట్, మొత్తం రెండున్నర మైళ్ళు. ఇప్పుడు 8:30కే మొదలవుతోంది. నిలబడే చోటు సెంట్రల్ పార్క్ వెస్ట్ మీద 60ల స్ట్రీట్లు మంచివి, పొద్దున 6:30 కల్లా ఉండాలి. 34 నుంచి 38వ స్ట్రీట్ మధ్య టీవీ వాళ్ళ హడావిడి, మామూలు జనాన్ని నిలబడనివ్వరు, అందుకే హెరాల్డ్ స్క్వేర్ వద్దన్నది. ట్రైన్లు సెలవు టైంటేబుల్ మీద నడుస్తాయి, బి ట్రైన్ మీద ఆశ పెట్టుకోకుండా 1 గానీ సి గానీ చూసుకోండి. రోడ్డు ఏ వైపు నిలబడాలో ముందే తేల్చుకోండి, ఒకసారి బారికేడ్లు పడ్డాక దాటనివ్వరు. బాత్రూమ్ కష్టం చాలా ఉంటుంది, పిల్లలున్నవాళ్ళు దారిలో కాఫీ షాప్‌లోనే ఆ పని ముగించుకుని వెళ్ళాలి, మీరూ కాఫీ తక్కువ తాగండి. గాలి గంటకి 23 మైళ్ళు దాటినా, ఈదురుగాలి 34 దాటినా పెద్ద బెలూన్లు ఎగరనివ్వరు, 1997లో ఒక బెలూన్ గాలికి లైట్ స్తంభాన్ని కొట్టి ఒకావిడకి తీవ్రంగా దెబ్బ తగిలిన తర్వాత పెట్టిన రూల్ అది, కాబట్టి ముందురోజు వెదర్ చూసుకోండి.

రెండో దారి, టర్కీ ట్రాట్. అంటే తినే ముందు పరిగెత్తడం. బ్రూక్లిన్ ప్రాస్పెక్ట్ పార్క్‌లో ఐదు మైళ్ళది ఏటా జరుగుతుంది, రిజిస్ట్రేషన్ ముందే నిండిపోతుంది. జెర్సీ టౌన్లలో కూడా చిన్న చిన్నవి ఉంటాయి, నడిచినా ఎవరూ ఏమీ అనరు, టర్కీ టోపీ పెట్టుకుని స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చేవాళ్ళే సగం మంది.

మూడోది సేవ. ఇక్కడ ఒక్క మాట, గురువారం వడ్డించడానికి ఫుడ్ ప్యాంట్రీలకి, షెల్టర్లకి వలంటీర్లు ఎగబడతారు, స్లాట్లు నెల ముందే అయిపోతాయి, ఆ తర్వాత జనవరిలో పిలిస్తే ఒక్కరూ రారు. సిటీ హార్వెస్ట్, ఫుడ్ బ్యాంక్ ఫర్ న్యూయార్క్ సిటీ, ఒంటరి వృద్ధుల ఇళ్ళకి భోజనం పంపే సిటీమీల్స్ ఆన్ వీల్స్, ఇలాంటి వాటికి ముందు వారం ప్యాకింగ్‌కి వెళ్ళినా, డిసెంబర్ మధ్యలో వెళ్ళినా అదే ఎక్కువ ఉపయోగం. గురువారమే ఏదైనా చెయ్యాలనిపిస్తే రిచ్‌మండ్ హిల్ గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ ఉచిత భోజనం, ఏడాదంతా నడుస్తుంది, వెళ్ళి రొట్టెలు వత్తండి, తల మీద గుడ్డ కప్పుకోవడం మర్చిపోవద్దు.

ఇవేవీ కాకుండా ఇంట్లో టీవీ పెట్టుకుని పరేడ్ చూస్తూ ఉల్లిపాయలు తరగడం కూడా పండగే. మ్యూజియంలకి మాత్రం ప్లాన్ చెయ్యకండి, నేచురల్ హిస్టరీ, మెట్ రెండూ ఆరోజు మూసే ఉంటాయి. రాక్‌ఫెల్లర్ సెంటర్ క్రిస్మస్ చెట్టు నిలబెట్టి ఉంటుంది గానీ దీపాలు వెలిగించేది తర్వాతి వారం, చుట్టాలని తీసుకెళ్ళి చూపిస్తే చీకట్లో ఒక చెట్టు చూసొస్తారు.

స్టెప్ 6: వంట – గడియారం పెట్టుకుని

భోజనం సాయంత్రం 4కి అనుకుందాం, ఇక్కడ థాంక్స్‌గివింగ్ డిన్నర్ అంటే 3-4 మధ్యలోనే, మన రాత్రి 9 కాదు, పక్కింటివాళ్ళు చెప్పిన టైంకి వచ్చేస్తారు కూడా.

12:30కి బ్రెస్ట్ ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. ఒంటిగంటకి ఒవెన్ 325 డిగ్రీల ఫారెన్‌హీట్. డాలర్ షాప్ ఫాయిల్ ట్రే వాడుతుంటే దాని కింద గట్టి బేకింగ్ షీట్ తప్పకుండా ఉండాలి, ఆరు పౌండ్ల మాంసం, రసం బరువుకి ఆ ట్రే మధ్యలో మడిచిపోతుంది, నూనె ఒవెన్ అడుగున పడితే పొగ, పొగకి స్మోక్ అలారం, అలారానికి ఫ్లోర్ అంతా బయటికి. మొదటి గంట ఫాయిల్ కప్పి, తర్వాత తీసేసి వెన్న రాయండి. రెండు గంటల లోపూ, కాస్త అటూ ఇటూగా అవుతుంది, కానీ టైం నమ్మొద్దు, థర్మామీటర్ కొనండి, మందంగా ఉన్నచోట ఎముకకి తగలకుండా గుచ్చితే 165 చూపించాలి. తీశాక ఇరవై నిమిషాలు కదపకండి, అప్పుడే కోస్తే రసమంతా బోర్డు మీదకి పోయి ముక్క పీచులా మిగులుతుంది.

ఆ రెండు గంటల్లో స్టవ్ ఖాళీ కదా, క్రాన్‌బెర్రీ పులిహోర చేసెయ్యండి. రెండు కప్పుల బియ్యం పొడిపొడిగా వండి పళ్ళెంలో ఆరబెట్టి, కొంచెం నూనె, పసుపు, ఉప్పు కలిపి పెట్టుకోండి. ఒకటిన్నర కప్పు క్రాన్‌బెర్రీలు, నాలుగు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, మెత్తగా అవ్వకూడదు, కచ్చాపచ్చాగా ఉండాలి. నాలుగు టేబుల్ స్పూన్ల నూనెలో పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, మామూలు పులిహోర పోపే. అందులో ఈ ముద్ద వేస్తే ముందు ఎర్రటి నీరు ఊరుతుంది, మిక్సీకి దొరక్కుండా తప్పించుకున్న ఒకటీ అరా కాయ టప్‌మని పేలుతుంది, కొంచెం వెనక్కి నిలబడండి, గరిటెతో నొక్కుతూ నూనె పైకి తేలేదాకా మగ్గించాలి, ఐదారు నిమిషాలు. చివర్లో గోరంత బెల్లం, ఎందుకంటే దీని పులుపు చింతపండులా గుండ్రంగా ఉండదు, చివర కొంచెం వగరు తగులుతుంది, బెల్లం దాన్ని సర్దుతుంది. అన్నంలో కలిపి గంట ఊరనివ్వండి. రంగు మాత్రం పసుపూ కాదు ఎరుపూ కాదు, సాయంత్రం ఆకాశంలా వస్తుంది, పక్కింటివాళ్ళు ఫోటో తీసుకుంటారు.

మిగిలినవి త్వరగా చెప్తాను. గ్రీన్ బీన్ క్యాసరోల్ అని ఇక్కడ డబ్బా సూప్ పోసి చేస్తారు, 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటింట్లో పుట్టిన వంటకం అది, దాని బదులు బీన్స్ కొబ్బరి వేపుడు. గుమ్మడిలాంటి బటర్‌నట్ స్క్వాష్ ఒకటి తెచ్చి ముక్కలు పెద్దగా కోసి, చిలగడదుంప, మునక్కాడ వేసి బెల్లం చింతపండుతో దప్పళం పెడితే శాకాహారులకి టర్కీ లేని లోటే తెలీదు. మ్యాష్డ్ పొటాటో పిల్లలకి ఉండాల్సిందే, వెన్న దగ్గర పీనాసితనం వద్దు. బ్రెడ్ ముక్కలతో చేసే స్టఫింగ్ మాత్రం టర్కీ కడుపులో కూరకుండా విడిగా ట్రేలో బేక్ చెయ్యండి, లోపల కూరితే అది కూడా 165 అయ్యేదాకా ఆగాలి, ఈలోగా మాంసం ఎండిపోతుంది. పంప్‌కిన్ పై మాత్రం కొనుక్కోండి. ఇంత వండాక పై కూడా మనమే చెయ్యాలా.

స్టెప్ 7: టేబుల్ దగ్గర, తర్వాత మెట్ల దగ్గర

తినే ముందు ఒక్కొక్కళ్ళూ దేనికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో చెప్పే అలవాటు ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉంది. మనవాళ్ళకి మొదట సిగ్గేస్తుంది, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు, పిల్లలతో మొదలెట్టించండి, "మా టీచర్ సెలవు పెట్టినందుకు" అని ఒకడంటాడు, ఇంక అందరూ నవ్వి దార్లో పడతారు. వెనక టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఎలాగూ ఉంటుంది, డెట్రాయిట్ లయన్స్ 1934 నుంచీ, డాలస్ కౌబాయ్స్ 1966 నుంచీ దాదాపు ఏటా ఈరోజు ఆడుతున్నారు, రూల్స్ తెలీకపోతే పక్కింటాయన్ని అడగండి, ఆయనకి రెండు గంటల పని దొరుకుతుంది.

మీరే వేరేవాళ్ళింటికి వెళ్తుంటే "ఏం తేవాలి" అని ముందే అడగండి, వద్దన్నా ఖాళీ చేతుల్తో వెళ్ళొద్దు, ఆ పులిహోరే ఒక చిన్న గిన్నెలో పట్టుకెళ్ళండి, కారం తగ్గించి.

జనం తినడం అయ్యాక, సర్దేముందు, నాలుగు డబ్బాలు కట్టండి. ఆరోజు కూడా డ్యూటీలో ఉన్న డోర్‌మ్యాన్‌కి ఒకటి, బిల్డింగ్ బాగోగులు చూసే సూపర్‌కి ఒకటి, కింద కొట్టు తెరిచి కూర్చున్న డెలి అన్నయ్యకి ఒకటి, పై ఫ్లోర్‌లో ఒక్కరే ఉండే పెద్దావిడకి ఒకటి. వేడిగా ఉండగానే ఇవ్వాలి, రేపిద్దాంలే అంటే అవ్వదు. ఇంకా మిగిలితే మీ ఏరియాలో కమ్యూనిటీ ఫ్రిజ్, అంటే ఎవరైనా పెట్టి ఎవరైనా తీసుకునే ఫ్రిజ్, ఉందేమో చూడండి, 2020 నుంచి చాలా పేటల్లో వెలిశాయి, వండిన ఆహారం తీసుకుంటారో లేదో తలుపు మీద రాసుంటుంది, తీసుకుంటే డబ్బా మీద ఏముందో, ఏ తేదీన వండారో రాసి పెట్టండి.

స్టెప్ 8: శుక్రవారం – మిగిలిపోయిన టర్కీ

గురువారం రాత్రే, వండిన రెండు గంటల్లోపు మాంసం ఎముక నుంచి విడదీసి చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయాలి, అక్కడి నుంచి మూడు నాలుగు రోజులు బావుంటుంది. బ్లాక్ ఫ్రైడే డీల్స్ ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే వస్తున్నాయి కాబట్టి తెల్లారుజామున లైన్లో నిలబడక్కర్లేదు, హాయిగా లేచి ఎముకలన్నీ ప్రెషర్ కుక్కర్‌లో వేసి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, నీళ్ళు పోసి అరగంట ఉడికించండి. ఆ నీళ్ళు వడగట్టి సగం రసంలోకి, సగం బిర్యానీ అన్నం వండటానికి. లెగ్ ముక్కల్ని ఉల్లిపాయ, కరివేపాకు, పచ్చిమిర్చితో నూనెలో గట్టిగా వేపితే ఫ్రై పీస్ బిర్యానీ అయిపోతుంది, ఆల్రెడీ ఉడికిన మాంసం కాబట్టి దమ్ మీద పది నిమిషాలు మించి ఉంచొద్దు.